తీసినా తీసినా గుర్రపుడెక్క: హైదరాబాద్ చెరువుల లెక్క

క్లుప్తంగా: వానలు తగ్గే రోజుల్లో హైదరాబాద్ చెరువుల మీద పరచుకునే ఊదా పూలు గుర్రపుడెక్కవి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క ఇది. ఏటా తీస్తున్నా మళ్లీ రావడానికి మొక్క మొండితనం ఒక కారణం. ఒకప్పుడు ఎండాకాలంలో ఎండిపోయే చెరువులు ఇప్పుడు మురుగునీటితో ఏడాది పొడవునా నిండుగా ఉండటం అంతకన్నా పెద్ద కారణం. దోమలకూ దీనికీ సంబంధం ఉంది కానీ, డెంగీకి కారణం ఇది కాదు. తీసిన మొక్కను కట్ట మీదే వదిలేస్తే సగం పనే అయినట్టు.

బతుకమ్మ పండుగ దాటాక నగరంలోని చాలా చెరువుల ఒడ్డున ఒకే దృశ్యం కనబడుతుంది. నెల కిందటి వరకు ఒట్టి పచ్చగా ఉన్న ఆకుల మధ్య నుంచి జానెడు ఎత్తున కంకులు లేచి, వాటి నిండా లేత ఊదా పూలు విరబూస్తాయి. వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఆగి ఫొటోలు తీసుకుంటారు. రీల్స్ కింద 'ఇవి తామరలా, కలువలా?' అని ప్రశ్నలు వస్తాయి. అదే కాలనీ వాట్సాప్ గ్రూపులో సాయంత్రానికి దోమల గురించి ఫిర్యాదు, ఆ వెనకే 'మొన్ననే కదా లక్షలు పోసి తీయించారు' అన్న విసుగు. పువ్వును చూసి మురిసేవాళ్లూ, దోమలకు తలుపులు బిగించుకునేవాళ్లూ మాట్లాడుతున్నది ఒకే మొక్క గురించి.

తామరకూ కలువకూ దీనితో చుట్టరికం లేదు. అవి చెరువు అడుగున బురదలో వేళ్లూనుకునే మొక్కలు. గుర్రపుడెక్క నీటి మీద తేలుతుంది. దీని సొంత ఊరు అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతం. శాస్త్రవేత్తలు చాలాకాలం ఐకార్నియా క్రాసిపెస్ అని పిలిచారు, ఇప్పుడు పాంటెడీరియా క్రాసిపెస్ అంటున్నారు. ఆకు గుర్రపు గిట్ట ఆకారంలో ఉంటుంది కాబట్టి తెలుగులో ఆ పేరు వచ్చింది.

మొక్కను చేతిలోకి తీసుకుని చూస్తే

ఒడ్డున నిలబడి ఒక మొక్కను లాగితే చాలు, దీని బలమేమిటో సగం అర్థమవుతుంది. ఆకు కాడ మధ్యలో చిన్న బుడ్డిలా ఉబ్బి ఉంటుంది. కోసి చూస్తే లోపల స్పాంజి లాంటి గుజ్జు, దాని నిండా గాలి. మొక్కకు అదే తెప్ప. కింద నల్లటి, కుచ్చులాంటి వేళ్లు జానెడు నుంచి మూరెడు దాకా వేలాడతాయి. ఒక్కో వేరుకు ఈకల్లా సన్నటి పీచులు ఉంటాయి. నీటిలో కరిగి ఉన్న నత్రజని, భాస్వరాలను ఇవే పీల్చుకుంటాయి. పక్కకు ఒక తీగ సాగి ఉంటుంది, దాని చివర పిల్ల మొక్క. అరటికి పిలకలు వచ్చినట్టే దీనికీ పిలకలు వస్తాయి. అరటి పిలక మాత్రం తల్లి పక్కనే ఉంటుంది. ఇక్కడ అలకు, గాలికి తీగ తెగిపోతే పిలక విడిపోయి చెరువు అవతలి ఒడ్డున కొత్త కాపురం పెడుతుంది.

పువ్వుకు ఆరు రేకులు. పై రేకు మీద నెమలి పింఛంలోని కన్నులా పసుపు మచ్చ, దాని చుట్టూ నీలి అంచు ఉంటుంది. మనుషులు ఈ మొక్కను ఖండాలు దాటించింది ఈ అందం చూసే. అయితే తంగేడు, గునుగుల్లా పేర్చడానికి పనికొచ్చే పువ్వు కాదు, కోసిన పూటే వాడిపోతుంది. మొక్కకు ఉన్నా రెండు రోజులకు మించి నిలవదు. ఆ తర్వాత కంకి కాడ కిందికి వంగి నీళ్లలోకి దిగుతుంది, కాయలు అక్కడే పగిలి విత్తనాలు అడుగు బురదలోకి చేరతాయి. ఆ విత్తనాలు 20 ఏళ్ల దాకా మొలకెత్తే శక్తితో ఉండగలవు.

ఇంకో విశేషం ఉంది. ఈ పువ్వులో కీలం (అండాశయం మీద నిలిచే సన్నటి కాడ) పొడవును బట్టి మూడు రకాలున్నాయి. ఈ మూడూ సొంత ఊరైన దక్షిణ అమెరికాలో కనిపిస్తాయి. బయటి ప్రపంచంలో పరచుకున్నది ఎక్కువగా మధ్య రకం ఒక్కటే. జన్యు పరీక్షల్లో తేలిందేమంటే, ఆసియా, ఆఫ్రికాల్లోని గుర్రపుడెక్కల్లో అత్యధిక భాగం ఒకే మొక్కకు నకళ్లు. అంటే మీర్ ఆలం చెరువు మీద తేలే మొక్కా, ఆఫ్రికాలోని ఒక సరస్సులో తేలే మొక్కా పిలకల మీద పిలకలు వేసుకుంటూ వచ్చిన ఒకే మొక్క కావచ్చు. ఈ దండయాత్రలో విత్తనం రిజర్వు బలగం, పిలక ముందుండే సైన్యం.

పూలు ఈ కాలంలోనే ఎందుకు?

గుర్రపుడెక్క ఏడాదిలో ఎప్పుడైనా పూయగలదు. హైదరాబాద్‌లో వానాకాలం చివర గుంపుగా కనబడటానికి మూడు నాలుగు విషయాలు కలిసి రావాలి. తొలకరి వానకు నాలాల్లో నెలల తరబడి పేరుకున్న చెత్త, మురుగు కొట్టుకొచ్చి చెరువులో పడతాయి. మొక్కకు అది ఎరువు. నీటి ఉష్ణోగ్రత 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే ఇది ఏపుగా పెరుగుతుంది, మన వానాకాలం దాదాపు అదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పిలకలు వేసి ఖాళీ నీళ్లన్నీ ఆక్రమిస్తుంది. ఇక పక్కకు జరగడానికి చోటు లేక మొక్కలు ఇరుక్కున్నాక ఆకులు నిటారుగా ఎదుగుతాయి, పూత పెరుగుతుంది. కాబట్టి చెరువంతా పూలు కనిపించిందంటే మొక్క అప్పుడే వచ్చినట్టు కాదు, అప్పటికే చెరువును పూర్తిగా కమ్మేసినట్టు.

చలికాలంలో పెరుగుదల మందగిస్తుంది. నీళ్లు 10 డిగ్రీల కంటే చల్లబడితే దాదాపు ఆగిపోతుంది, మంచు గడ్డకట్టే దేశాల్లో చచ్చిపోతుంది. హైదరాబాద్‌ చలి దాన్ని కాస్త నెమ్మదింపజేస్తుందే గానీ చంపదు.

గాలి పాత్ర కూడా తక్కువేమీ కాదు. తేలే మొక్క కనుక నైరుతి రుతుపవనాల గాలికి ఈశాన్యపు ఒడ్డుకు చేరి గుట్టపడుతుంది. గాలి తిరిగితే అవతలి ఒడ్డుకు వెళుతుంది. ఒక ఒడ్డున ఉన్న కాలనీవాళ్లు 'శుభ్రం చేశారు, బాగుంది' అంటుంటే, ఎదుటి ఒడ్డున ఉన్నవాళ్లు 'ఇదివరకు లేనంత వచ్చింది' అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఎండాకాలం ఎండని చెరువు

ఈ సమస్యకు అసలు మలుపు ఇక్కడుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న చెరువులు, కుంటల్లో చాలావాటిని సాగు కోసం తవ్వారు. గొలుసుకట్టు పద్ధతిలో పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. తూము తెరిచి పొలాలకు పారించేవారు. మాఘ, ఫాల్గుణాలు దాటేసరికి చిన్న కుంటల్లో నీళ్లు అడుగంటేవి, వైశాఖానికి శిఖం (చెరువు అడుగు నేల) బీటలు వారేది. రైతులు ఆ ఒండ్రు మట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకునేవాళ్లు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు చేర్చిన పద్ధతి ఈ పాత అలవాటుకు కొనసాగింపే.

ఎండిపోవడం చెరువుకు లోపం కాదు, అదొక రకం శుద్ధి. నీళ్లు లేకపోతే తేలే మొక్క బతకదు. పూడికతో పాటు ఏడాది పాటు పేరుకున్న పోషకాలు కూడా చెరువు దాటి పొలానికి వెళ్లిపోయేవి. బురదలో విత్తనాలు మిగిలితే మిగిలేవి గానీ, తొలకరి తర్వాత ఏ మొక్కయినా సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు ఆయకట్టు పోయింది, ఆ చోట కాలనీలు లేచాయి. తూములు మూసుకుపోయాయి. వాన నీటి కాలువలే మురుగు నాలాలయ్యాయి. ఫలితంగా చెరువులోకి రోజూ, 365 రోజులూ, నీళ్లు వస్తూనే ఉంటాయి. మే నెలలో కూడా నిండుగా కనిపించే చెరువును చూసి సంతోషించేవాళ్లుంటారు కానీ, ఆ కాలంలో ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్నది అడగాల్సిన ప్రశ్న.

2021లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం జీహెచ్ఎంసీ పరిధిలో రోజుకు పుట్టే మురుగు 1,650 ఎంఎల్‌డీ, అంటే 165 కోట్ల లీటర్లు. అప్పటికి ఉన్న 25 మురుగు శుద్ధి కేంద్రాల సామర్థ్యం 772 ఎంఎల్‌డీ. అంటే సగానికి పైగా మురుగు శుద్ధి కాకుండానే నాలాలు, చెరువులు, మూసీల పాలయింది. ఆ లోటు పూడ్చడానికి 3,866 కోట్ల రూపాయలతో 1,259.5 ఎంఎల్‌డీ సామర్థ్యం గల 31 కొత్త కేంద్రాలు మంజూరు చేశారు.

కృష్ణా, గోదావరి డెల్టా కాలువలతో పోలిస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడా గుర్రపుడెక్క తక్కువేమీ కాదు. కానీ పంటలయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, అడుగు ఎండుతుంది, ఆ వ్యవధిలో మరమ్మతులు, పూడికతీత చేస్తారు. మొక్కకు ఏటా ఒక విరామం తప్పదు. హైదరాబాద్ చెరువుకు ఆ విరామం లేదు.

ఒక్క శాతం మిగిలితే

'99 శాతం తొలగించాం' అన్న మాట వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే దాని అసలు బలం తెలుస్తుంది. అనుకూలమైన వేడి, పోషకాలు ఉంటే గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది, మురుగు బాగా ఉన్న చోట ఇంకా తొందరగా కూడా. ఉదాహరణకు 50 ఎకరాల చెరువులో అర ఎకరం మిగిలిందనుకుందాం. రెండు వారాలకు ఒక ఎకరం. నెలకు రెండు. తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. మొత్తం 14 వారాలు తిరక్కుండా చెరువు నిండిపోతుంది.

ఈ లెక్కలో అసలు మోసం చివర్లో ఉంది. మొదటి రెండు నెలలు చెరువు దాదాపు ఖాళీగానే కనిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ తర్వాత నెల రోజుల్లోనే పావు చెరువు, సగం చెరువు, చెరువంతా. చూసేవాళ్లకు 'రాత్రికి రాత్రి వచ్చేసింది' అనిపిస్తుంది. టెండర్ పిలిచి, వర్క్ ఆర్డర్ ఇచ్చి, మెషీన్ దించేసరికి పని పదింతలు పెరిగి ఉంటుంది. మొదటి నెలలో తెప్ప మీద ఇద్దరు మనుషులు తిరిగి ఏరేస్తే అయిపోయే పనికి నాలుగో నెలలో పొక్లెయిన్లు, ఫ్లోటింగ్ మెషీన్లు కావాలి. దుర్గం చెరువు కూడా ఒకప్పుడు దీంతో నిండి ఉండేదే. 2020 సెప్టెంబరులో కేబుల్ బ్రిడ్జి ప్రారంభమయ్యేనాటికి అక్కడ నీళ్లు కనబడ్డాయి. అలాంటి చెరువు ఒకసారి తీయించినందుకు కాదు, తీయడం ఆపకపోతేనే శుభ్రంగా నిలుస్తుంది.

కట్ట మీద యూరియా

తీసిన మొక్క ఏమవుతుందన్నది సగం మంది అడగని ప్రశ్న. గుర్రపుడెక్క బరువులో 95 శాతం నీళ్లే. దట్టంగా అల్లుకున్న చోట హెక్టారుకు 200 నుంచి 400 టన్నుల పచ్చి బరువు ఉంటుందని వేర్వేరు దేశాల్లో కొలిచారు. నడిమధ్యన 300 టన్నులు తీసుకుంటే మన 50 ఎకరాల చెరువులో 6,000 టన్నులు. పది టన్నుల టిప్పర్‌కు 600 ట్రిప్పులు. అందులో మోసేది ఎక్కువగా నీళ్లే! డీజిల్ ఖర్చు, డంప్ చేసే చోటు, ట్రాఫిక్ అన్నీ ఆలోచించి చాలాచోట్ల కట్ట పక్కనే కుప్పపోసి, ఎండాక చూద్దాం అని వదిలేస్తారు.

ఎండాక మిగిలేది 300 టన్నులు. ఎండు బరువులో నత్రజని రెండు శాతం అనుకుంటే 6 టన్నులు. యూరియా లెక్కలో చెప్పాలంటే, 45 కిలోల బస్తాలు సుమారు 290. కుప్ప కుళ్లి, మొదటి పెద్ద వానకు ఆ రసం తిరిగి చెరువులోకే జారుతుంది. నిజానికి మొక్కను చెరువు బయటికి, పరీవాహకం దాటించి తీసుకెళ్తేనే ఆ ఎరువును చెరువు నుంచి తీసేసినట్టు. పాతకాలపు రైతు పూడికను చేనుకు తోలినప్పుడు చేసింది ఇదే.

'మొక్క మురుగును పీల్చి నీళ్లను శుభ్రం చేస్తుంది కదా, ఉండనివ్వొచ్చు' అన్న వాదన కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. అందులో నిజం ఉంది. నత్రజని, భాస్వరాలతో పాటు భారలోహాలను కూడా ఇది పీల్చుకుంటుంది. కానీ పీల్చుకున్నది మొక్కలోనే ఉంటుంది. అక్కడే చచ్చి కుళ్లితే అంతా తిరిగి నీళ్లలోకే. కోత కోస్తూ ఉంటేనే శుద్ధి, వదిలేస్తే అప్పు తీసుకుని అదే దుకాణంలో ఖర్చుపెట్టినట్టు. కంపోస్టు, వర్మికంపోస్టు, బయోగ్యాస్, బుట్టలు, చాపల తయారీ లాంటి ఉపయోగాలు ఉన్నాయి కానీ, పారిశ్రామిక వ్యర్థాలు కలిసే చెరువుల్లోని మొక్కతో చేసిన కంపోస్టును కూరగాయలకు వాడే ముందు లోహాల పరీక్ష తప్పనిసరి. ఇంకో చిక్కూ ఉంది. చేతివృత్తులకు కావాల్సింది పొడుగాటి కాడలు, అదీ కొద్ది టన్నుల్లో. చెరువు ఇచ్చేది వేల టన్నులు. బుట్టలల్లి చెరువును ఖాళీ చేయడం కుదిరే పని కాదు.

దోమలు: ఏ దోమ?

గుర్రపుడెక్క నిండితే దోమలు పెరుగుతాయన్నది నిజమే, కానీ అన్ని దోమలూ కాదు. హైదరాబాద్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాయంత్రాలు గుంపులుగా వచ్చి కుట్టేది ఎక్కువగా క్యూలెక్స్. మురికినీళ్లు, కదలని నీళ్లు దీనికి ఇష్టం. ఆకుల చాప కింద అల ఉండదు, లార్వాలను తినే చేపలు లోపలికి చొరబడలేవు, పైనుంచి మందు చల్లితే ఆకుల మీద పడుతుంది తప్ప నీళ్లకు చేరదు. డ్రోన్‌తో చల్లినా ఇదే ఇబ్బంది. మాన్సోనియా అనే ఇంకో జాతి అయితే మరీ ఘటికురాలు. దాని లార్వా నీటి మొక్కల వేళ్లకు గుచ్చుకుని, వాటిలోని గాలినే పీల్చుకుంటూ బతుకుతుంది. ఊపిరికి పైకి రావాల్సిన పనే లేదు.

డెంగీని మోసే ఏడిస్ దారి వేరు. కూలర్, పూలకుండీ కింది పళ్లెం, మూత లేని డ్రమ్ము, పాత టైరు, వీటిలో నిలిచిన మంచినీళ్లు దానికి చాలు. చెరువులో గుర్రపుడెక్క తీయించినంత మాత్రాన డెంగీ తగ్గుతుందనుకుంటే నిరాశే మిగులుతుంది. ఇళ్లలో నీళ్లు పారబోసినంత మాత్రాన క్యూలెక్స్ పోదు.

చేపలవాళ్ల ఇబ్బంది దోమల కంటే ముందు మొదలవుతుంది. ఆకుల కింద వెలుతురు లేక నీళ్లలోని నాచు, మొక్కలు ప్రాణవాయువు తయారు చేయడం ఆగిపోతుంది. పైనుంచి గాలీ కలవదు. కుళ్లే ఆకులు ఉన్న కాస్త ప్రాణవాయువునూ వాడేసుకుంటాయి. తెల్లవారుజామున, అందులోనూ మబ్బు పట్టిన మర్నాడు, చేపలు తేలిపోవడానికి ఇదొక కారణం. చేపలు బతికి ఉన్నా వల వేయడానికి ఖాళీ నీళ్లు ఉండవు. ముదిరాజ్, గంగపుత్ర మత్స్య సహకార సంఘాలు చేపపిల్లలు వదిలిన చెరువులో వలకు చేప బదులు గుర్రపుడెక్క తగులుతుంది.

అలాగని అంతా ఒక్కసారిగా తీసేస్తే నీళ్లు తేటపడతాయని హామీ లేదు. పోషకాలు అలాగే ఉండి, వెలుతురు మాత్రం లోపలికి వస్తే ఈసారి నాచు పచ్చగా విజృంభిస్తుంది. ఎండాకాలంలో హుస్సేన్ సాగర్ పచ్చబడి కంపు కొట్టడం నగరవాసులకు తెలిసిందే. తినేవాడు మారతాడు గానీ వడ్డించిన విస్తరి అదే.

పురుగులు, మందులు, హిప్పోలు

ఈ మొక్కతో వేగిపోయిన మొదటి నగరం హైదరాబాద్ కాదు. అమెరికాలోని లూసియానాలో నదులు మూసుకుపోతే, 1910లో రాబర్ట్ బ్రూసార్డ్ అనే ప్రతినిధి ఆఫ్రికా నుంచి నీటి గుర్రాలను తెప్పించి దీన్ని మేపుదామని, పైగా మాంసం కొరత కూడా తీరుతుందని ఏకంగా బిల్లు పెట్టారు. అది ఆమోదం పొందలేదు. గుర్రపుడెక్కకు నీటి గుర్రం మందు అన్నమాట! బెంగాల్‌లో పరిస్థితి నవ్వుకునేది కాదు. వరి పొలాలు, పడవ దారులు మూసుకుపోయి 1936లో దీనికోసమే ఒక చట్టం తెచ్చారు. ఎవరి నీళ్లలో ఉంటే వాళ్లే తీయాలన్నది దాని సారం. 1937 ఎన్నికల్లో గుర్రపుడెక్క నిర్మూలన పార్టీల హామీల్లో ఒకటయింది.

రసాయన మందులు త్వరగా పనిచేస్తాయి. 2,4-డి, గ్లైఫోసేట్ లాంటివి చల్లితే రెండు మూడు వారాల్లో మొక్క చస్తుంది. చచ్చిన వేల టన్నులు ఒకేసారి మునిగి కుళ్లితే చెరువుకు అంతకన్నా పెద్ద దెబ్బ. అపార్ట్‌మెంట్లు, బోర్లు, చేపలు ఉన్న పట్టణ చెరువులో ఈ దారి ఎంచుకోవడం కష్టం.

పురుగుల కథ ఆసక్తికరమైనది. నియోకెటినా జాతికి చెందిన రెండు రకాల ముక్కుపురుగులు గుర్రపుడెక్కను తప్ప మరోదాన్ని పెద్దగా ముట్టవు. పెద్ద పురుగు ఆకును గీకి తింటుంది, పిల్ల పురుగు కాడలోకి తొలుచుకుపోతుంది. కాడలోని గాలి బుడ్డి చెడితే తెప్ప మునిగినట్టే. వీటిని 1980ల తొలి రోజుల్లో భారత్‌కు తెచ్చి, బెంగళూరులో పరీక్షించి వదిలారు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1990ల మధ్య నుంచి వదిలాక ఆ దశాబ్దం ముగిసేసరికి మొక్క చాలావరకు తగ్గింది. 1997-98 ఎల్‌నినో వానలు, అలలు కూడా అందుకు తోడ్పడ్డాయని అంటారు.

మరి హైదరాబాద్‌లో ఎందుకు కుదరదు? పురుగుకు రెండు మూడేళ్ల ఓపిక కావాలి. మురుగు పుష్కలంగా ఉన్న చెరువులో పురుగు తిన్నదానికన్నా తొందరగా మొక్క పెరుగుతుంది. పైగా ఏటా మెషీన్లు దించి మొక్కను ఎత్తిపోస్తే పురుగూ దానితో పాటే టిప్పరెక్కుతుంది. మందు చల్లితే తిండి లేక చస్తుంది. అంటే అన్ని పద్ధతులూ కలిపి వాడితే మంచిదే అనుకోవడం ఇక్కడ పొరపాటు. పురుగుకు ఒక మూల వదిలి మిగతాది తీయాలన్న ప్రణాళిక ఉంటేనే రెండూ కలిసి పనిచేస్తాయి.

సముద్రం దగ్గర ఆగుతుంది

కాలువల్లో, నదుల్లో దీన్ని ఆపే సహజమైన గోడ ఒకటుంది: ఉప్పు. లీటరుకు ఆరు నుంచి ఎనిమిది గ్రాముల ఉప్పు దాటితే ఇది బతకలేదు. సముద్రపు నీటిలో 35 గ్రాములుంటుంది. కేరళలో వెంబనాడ్ సరస్సు మీద 1970ల్లో పూర్తయిన తన్నీర్‌ముక్కం బండ్ దీనికి మంచి ఉదాహరణ. వరి పొలాలకు ఉప్పునీరు రాకుండా ఎండాకాలంలో దాని తలుపులు వేస్తారు. ఉప్పు ఆగితే వరితో పాటు ఈ మొక్కా హాయిగా పెరుగుతుంది. తలుపులు తెరిచి ఉప్పునీరు లోపలికొస్తే చస్తుంది. చెన్నైలో అడయార్, కూవం నదులు పొంగినప్పుడు ఇది సముద్రంలోకి కొట్టుకుపోయి, మెరీనా, బీసెంట్ నగర్ బీచ్‌ల మీద గుట్టలుగా తేలుతుంది. తీరం దాన్ని పెంచదు, నగరం పెంచినదాన్ని ఒడ్డున పడేస్తుందంతే.

పూలు చూసి మోసపోవడంలోనూ హైదరాబాద్ ఒంటరి కాదు. 2020లో కోజికోడ్ జిల్లా ఆవలపాండిలో కాలువంతా గులాబీ రంగుకు మారితే చూడటానికి జనం విరగబడ్డారు. అది కబోంబా అనే మరో దక్షిణ అమెరికా మొక్క. చూసినవాళ్లలో కొందరు పూలతో పాటు తీగలూ తెంపుకెళ్లారు. కొత్త కాలువలకు ఇలాంటివి చేరే దారుల్లో అదొకటి. యూరోపియన్ యూనియన్ గుర్రపుడెక్క అమ్మకాన్ని 2016లోనే నిషేధించింది. మన దగ్గర ఇంటి నీటితొట్టెలో పెంచుకోవడానికి నర్సరీలోనూ, ఆన్‌లైన్‌లోనూ ఇంకా దొరుకుతుంది. 2023లో వివిధ దేశాల ప్రభుత్వాల ఉమ్మడి జీవవైవిధ్య వేదిక ఐపీబీఈఎస్ ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో అన్నిటికన్నా విస్తృతంగా వ్యాపించిన ఆక్రమణ మొక్కగా దీన్నే పేర్కొన్నారు.

ఇకముందు

హైదరాబాద్ పరిస్థితిని మార్చగలిగేవి రెండు. మొదటిది మురుగు. కొత్త శుద్ధి కేంద్రాలు పూర్తి సామర్థ్యంతో నడిస్తే చెరువుల్లోకి వచ్చే మలినం తగ్గుతుంది. కానీ సాధారణ శుద్ధిలో దుర్వాసన, సేంద్రియ మలినం పోయినంతగా నత్రజని, భాస్వరాలు పోవు. శుద్ధి చేసిన నీళ్లు కంటికి తేటగా కనిపిస్తూనే గుర్రపుడెక్కకు ఎరువు మోసుకురావచ్చు. అందుకే ఎంఎల్‌డీల సంఖ్యతో పాటు, బయటికి వదిలే నీటిలో భాస్వరం ఎంతన్నది కూడా చూడాలి.

రెండోది సమయం. ఇప్పుడు ఎక్కువగా పూలు కనిపించాక, దోమలు కుట్టాక కదలిక వస్తోంది. మొక్క నెమ్మదించేది డిసెంబరు, జనవరిలో. అప్పుడు తీసి, గొలుసులో పై చెరువు నుంచి కిందికి వరుసగా రావాలి. కింది చెరువును ముందు శుభ్రం చేస్తే వానాకాలంలో పై చెరువు మత్తడి దుంకినప్పుడు మొక్కంతా మళ్లీ అందులోకే దిగుతుంది. మత్తడి దగ్గర జాలీ కట్టి, అక్కడ ఆగినదాన్ని వారానికోసారి ఎత్తే ఏర్పాటు మెషీన్ల కంటే చవక. ఇక్కడ ఆగకుండా తప్పించుకున్నది మూసీలో పడి, కత్వల (నదికి అడ్డంగా కట్టిన ఆనకట్టల) మీదుగా వాడపల్లి దాకా వెళ్లి కృష్ణలో కలుస్తుంది.

ఒక చెరువులోకి మురుగు రేపే పూర్తిగా ఆగిపోయిందనుకున్నా కథ అక్కడితో అయిపోదు. అడుగు బురదలో ఇప్పటికే పడిన విత్తనాలు 20 ఏళ్ల దాకా బతికే ఉండగలవు కాబట్టి, ఆ తర్వాత పది పదిహేను వానాకాలాల పాటు తెప్ప మీద తిరిగి మొలకలు ఏరే మనిషి ఒకరు ఆ చెరువుకు కావాలి.